దుబాసి పిల్ల

తాడ్వాయి దాటినంక ఆటో ఆగింది.
ఇక దారి లేదు, కాలిబాట ఉన్నది.
నా సంచిల గాజు పలకలు, సూదులు, దూది,
జరం మాత్రలు, ఒక రిజిస్టరు.
వాగు ఎండింది. ఇసుకల చెలిమె,
చెలిమె ఒడ్డున బోర్లించిన సొరకాయ బుర్ర.
గుంపు దగ్గరికొచ్చిందనుకున్న.

పదకొండు గుడిసెలు.
పోయినేడు పద్నాలుగు.
తక్కువైన మూడింటి జాగల
వరుస తప్పకుండ టేకు మొక్కలు.

"మీ ఊరేది?" అని అడిగిన.
మడకం ఉంగి నా దిక్కు చూడలేదు.
గోదావరి ఏ దిక్కున ఉన్నదో ఆ దిక్కు చూసుకుంట
మాట్లాడింది.
ఆగింది. ఉమ్మేసింది. మళ్ళ మాట్లాడింది.
రెండు చేతులతోటి ఏదో చాన ఎత్తుగ చూపింది,
తర్వాత ఏదో
మూరెడు కన్న చిన్నగ.
చెట్టు నీడ జరిగి నా చెప్పుల మీదికొచ్చింది.
మనుమరాలు బుద్రి, ఏడేండ్లది, అంగన్‌వాడీ తెలుగుది,
మోకాలి మీది పొక్కు గిల్లుకుంట చెప్పింది:
"కాలిందంట."

అంతేనా?
"అంతే."

రిజిస్టరుల గడి నా బొటనవేలంత.
"కాలింది" అని అందుల ఎట్ల రాయాలె?
ఛత్తీస్‌గఢ్ అని రాసిన.
అంత పెద్ద పేరుల
ఈమె ఇల్లు ఒక్కటీ దొరకదు.

"ఎప్పుడొచ్చిన్రు?"
"మా అయ్య అప్పుడు గింతున్నడంట."
ఆ గింతున్న అయ్య ఇప్పుడు
మంగపేట దిక్కు మిరప ఏరబోయిండు.

పక్క గుడిసెల మనిషికి తెలుగొచ్చు.
మేస్త్రి పెట్టిన పేరు భీమయ్య,
తల్లి పెట్టింది బీమ, పొడియం బీమ.
ఆయన తెలుగంత మిరపతోటల మొలిచింది:
కూలి, కిలో, తాలు, లెక్క, రేపు రా.
ఆ మాటలతోనే యుద్ధం చెప్పిండు నాకు.
"పగటీలి ఒక మేస్త్రి వచ్చె, తుపాకి.
రాత్రి ఇంకో మేస్త్రి వచ్చె, తుపాకి.
ఇద్దరికి అన్నం పెట్టినం.
ఇద్దరూ లెక్క అడిగిన్రు.
ఊరంత తాలు కింద ఏరేసిన్రు."
చెప్పి నవ్విండు.
నవ్వెందుకో నాకు సమజ్ గాలే.

ఉంగి లేచి గంప ఎత్తింది.
కింద పుంజు. ఎర్రది.
దాని ముక్కును రెండు వేళ్ళతోటి పట్టి
నారతాడు చుట్టినట్టు చుట్టి చూపింది,
ఒక్క చుట్టు, రెండు, మూడు.
చీకటి. అడివి. నడక. కూత బయటికి రావద్దు.
"కోడిని తెచ్చిన్రంట," అన్నది బుద్రి.
ఈసారి ఆ పిల్ల కన్న ముందే నాకు తెలిసింది.
ఇది ఆ కోడి కాదు, దాని మనుమడో మునిమనుమడో.
మరి
చంకల పిల్లల నోళ్ళు?
అడగలే.
మూరెడు కన్న చిన్నగ చూపిన చేతులు
ఇప్పుడు ఒళ్ళె ఉన్నయి.

వేలు కుచ్చిన.
గాజు మీద ఒక బొట్టు, పక్కన ఇంకోటి.
జరం ఉన్నదో లేదో రేపు తెలుస్తది.
ఏ వాగు దోమ కుట్టిందో,
ఆ ఒడ్డుదా, ఈ ఒడ్డుదా,
ఏ పరీక్షా చెప్పది.
మాత్రలు పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని
బుద్రికి చెప్పిన. బుద్రి అవ్వకు చెప్పింది.
అది మాత్రం మాటకు మాట.

సంచి సర్దుకుంటుంటే పిల్ల కొంగు గుంజింది.
"అక్కా, మీ ఊరేది?"

"హన్మకొండ."

ఒక్క మాటనే చెప్పిన నేను.
పిల్ల అవ్వ దిక్కు తిరిగి
చేతులు పైకెత్తి, కిందికి దించి,
ఊపిరి తీసుకొని మళ్ళ మొదలుపెట్టి
చానసేపు చెప్పింది.
ఏం చెప్పిందో!
ఎన్నడూ చూడని నా ఊరిని
ఎంత పెద్దగ కట్టిందో, అందుల ఎవరెవరిని ఉంచిందో.

ఉంగి అప్పుడు నా దిక్కు చూసింది.
గంప పక్కకు జరిపి
నేల మీద జాగ చేసింది.